గట్టి మీటు, మెల్లని మీటు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా వీధి కుర్రాడొకడు గిటారు భుజానేసుకుని వచ్చాడు. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు, ఆదివారం పొద్దున మందిరంలో అకూస్టిక్ గిటారు వాయిస్తాడు. బకెట్లో నానేసిన చిన్న రసాలు రెండు తీసి చేతిలో పెట్టాను. జుర్రుకుంటూనే అడిగాడు: "బాబాయ్, కంప్రెసర్ పెడల్ కొందామనుకుంటున్నా. రెండు గిటార్లకీ ఒకటే సరిపోతుందా?"

"అసలు నీకెందుకురా అది?" అన్నాను. ఆ మాట అన్నందుకు ఈ వారమంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

ఈ కాలమ్ చదివేవాళ్ళకి కార్బైడ్ పెట్టి మగ్గించిన మామిడికాయ మీద నా కోపం కొత్త కాదు. ఏటా మే నెలలో ఒకసారైనా రాస్తాను. 2011 ఆహార భద్రతా నిబంధనల్లో నిషేధించినా కార్బైడ్ పొట్లాలు గంపల్లోకి చేరుతూనే ఉన్నాయి. గడ్డిలో మాగిన రసాల్లో ఏ రెండు పండ్లూ ఒక్కలా ఉండవు. ఒకటి ముచ్చిక దగ్గర ఇంకా పచ్చగానే ఉంటుంది, ఒకటి తేనెలా ఉంటుంది, ఒకటి కాస్త పులుపు తగులుతుంది. కార్బైడ్ పెడితే గంప మొత్తం ఒకే పసుపు. కంప్రెసర్‌నీ నేను అదే గంపలో వేశాను. గట్టిగా మీటినదాన్ని తగ్గించి, మెల్లగా మీటినదాన్ని పెంచి, అన్నింటినీ ఒకే ఎత్తుకి తెచ్చే పెట్టె. ఇక వాయించేవాడి వేలికి విలువేముంది?

పెట్టె లోపల జరిగేది పెద్ద రహస్యమేమీ కాదు. శబ్దానికి ఒక గీత గీస్తారు. ఆ గీత దాటనంతవరకు దాని జోలికి పోదు. దాటితే బిగిస్తుంది. నాలుగుకి ఒకటి నిష్పత్తి పెట్టారనుకోండి, గీత మీద ఎనిమిది డెసిబెళ్ళు పైకి వెళ్ళిన మీటు రెండే డెసిబెళ్ళు పైకి వెళ్ళినట్టు బయటికొస్తుంది. ఎంత త్వరగా బిగించాలో అటాక్, ఎంతసేపటికి వదలాలో రిలీజ్. శిఖరాలు తగ్గాయి కాబట్టి మొత్తం ధ్వనిని పైకి లేపుకోవచ్చు. అప్పుడు చచ్చిపోతున్న తీగ కూడా ఇంకొంచెంసేపు బతికున్నట్టు వినిపిస్తుంది. గిటారు వాళ్ళు సస్టైన్ అనేది దీన్నే.

చచ్చిపోతున్న తీగ అనగానే నాకు నూజివీడు వీణ గుర్తుకొస్తుంది. అక్కయ్య కోసం నాన్న ఇక్కడ, మా నూజివీడులోనే వీణ చేయించారు. అప్పటికి నాకు పదేళ్ళు. వీణలు చేసే పాకలోకి అడుగుపెట్టగానే పనసచెక్క పొట్టు వాసన ముక్కుకి తగిలేది. కుండ, దండి అన్నీ ఒకే మొద్దులోంచి తీసిన ఏకాండి వీణ. చేసేవాడు కుండ లోపల ఉలితో కొద్దికొద్దిగా గీరుతూ, మధ్యమధ్య ఆపి, బయటినుంచి వేలి కణుపుతో తట్టి చెవి ఆనించేవాడు. మళ్ళీ గీరేవాడు. ఒకచోట ఎక్కువ గీరితే ఇక ఆ మొద్దు పొయ్యిలోకే అని నాన్నతో చెప్పడం విన్నాను. మైనంలో ఇరవైనాలుగు మెట్లు నిలబెట్టాక, నాలుగు తీగలూ మూడు తాళం తీగలూ బిగించాక, సారణి తీగని ఒక్కసారి మీటి చెయ్యి తీసేశాడు. మాట్లాడలేదు. వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తూ లెక్కపెట్టాడు. నాదం ఎన్ని వేళ్ళదాకా నిలుస్తుందో అదీ ఆయన పరీక్ష.

ఎందుకంటే వీణ మీద ఒక్క మీటుకి ఒక్క స్వరం పలికిస్తే సరిపోదు. మీటిన తీగని మెట్టు మీదే పక్కకి లాగి మరో రెండు మూడు స్వరాలు తీయాలి. లాగేసరికి నాదంలో ప్రాణం మిగిలుండాలి. ఇంట్లో, నడవాలో కూర్చుని వాయిస్తే అక్కయ్య లాగిన చివరి స్వరం మాకు వినిపించేది. కల్యాణమంటపంలో మూడో వరుస దాటేది కాదు. ఎవరో మైకు తెచ్చి వీణకి దగ్గరగా పెట్టారు, అది కూసింది. అక్కయ్య ఆ రోజు సగంలోనే వాయించడం ఆపేసింది. తర్వాత మంటపాల్లో వాయించలేదు. చాలాకాలం ఆ తప్పు మైకుదనే అనుకున్నాను.

కానీ కరెంటు సాయంతోనే నాదాన్ని నిలబెట్టినవాడూ ఉన్నాడు. మన పక్క గుడివాడలోనే, 1978 త్యాగరాజ ఆరాధనలో, పాలకొల్లులో పుట్టిన తొమ్మిదేళ్ళ పిల్లవాడు మాండలిన్ మీద మొదటి కచేరీ చేశాడు. ఉప్పలపు శ్రీనివాస్. మాండలిన్‌కి ఉండే నాలుగు జంట తీగలు తీసేసి, ఐదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ వాద్యాన్ని కర్ణాటక సంగీతానికి తెచ్చినవాడు. మాండలిన్ నాదం వీణకన్నా తొందరగా ఆరిపోతుంది, దాని మీద గమకం నిలవదని పెద్దలకి అనుమానం. పికప్పూ, ఆంప్లిఫయరూ ఆ ఆరిపోయే నాదాన్ని నిలబెట్టాయి, మిగతాది ఆ వేళ్ళు చూసుకున్నాయి. శ్రీనివాస్ వాయించినదాన్ని కార్బైడ్ పండు అనే ధైర్యం నాకైతే లేదు.

అయినా పట్టుదల పూర్తిగా వదల్లేదు. వదిలించింది రేడియో. బుధవారం రాత్రి, రేడియోలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన పాత స్నేహితుడికి ఫోన్ చేసి నా వాదన వినిపించాను. విజయవాడ రేడియో 1948 డిసెంబరు 1న మొదలైంది. మా ఇంట్లో పొద్దున్నే భక్తిరంజనితోనే పొయ్యి వెలిగేది. ఈమని శంకరశాస్త్రిగారి వీణ, వోలేటి వెంకటేశ్వర్లుగారి గొంతు నా చెవికి చదువు చెప్పింది ఆ పెట్టెలోంచే. "ఆ సహజమైన నాదం ముందు ఈ పెడళ్ళేమిటి?" అన్నాను.

అతను నిదానంగా చెప్పాడు. మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్‌లోకి హద్దు మీరిన ధ్వని వెళితే గొంతు పగిలిపోతుంది, అందుకని దాని ముందు లిమిటర్ పెట్టడం రేడియో ఇంజనీరింగ్‌లో మామూలు. లిమిటర్ అంటే బాగా బిగించిన కంప్రెసరే. 1930ల చివర్లో ఈ యంత్రాలు అమ్మకానికి వచ్చింది రేడియో స్టేషన్ల కోసమే. గిటారు వాళ్ళ కాళ్ళ కిందికి చేరింది తర్వాత.

అంటే నేను ఇన్నేళ్ళూ గడ్డిలో మాగిందని చెప్పుకున్న వీణనాదం, బిగించి వదిలిన నాదం. వంటింట్లో పొయ్యి చప్పుడు మధ్య ఆ మెల్లని స్వరం నాదాకా వచ్చిందంటే దానివల్లే. అక్కయ్య స్వరం మూడో వరుస దగ్గర ఎందుకు ఆగిపోయిందో కూడా అప్పుడే అర్థమైంది.

శుక్రవారం కుర్రాడు స్నేహితుల దగ్గర రెండు పెడళ్ళు అడిగి తెచ్చాడు. ఒకటి ఎర్ర డబ్బా, ఎంఎక్స్ఆర్ డైనా కాంప్, 1970ల నుంచి ఉన్న రకం. రెండే మీటలు. రెండోది బాస్ సీఎస్-3, 1986 నాటిది, నాలుగు మీటలు. ఎలక్ట్రిక్ గిటారుకి ఎర్ర డబ్బా పెట్టి సెన్సిటివిటీ మీట సగం తిప్పితే తీగ మొదటి దెబ్బ టక్కున నొక్కుకుని, వెనకాల స్వరం చక్కగా సాగింది. బాగుంది. ఇంకా తిప్పితే తీగ ఆగిన చోట కరెంటు హమ్ లేచింది. ఆ యాభై హెర్ట్జ్ గురగురని మా ఫ్యాన్ రెగ్యులేటర్ మరింత పెంచింది. జనరేటరూ, దీపాల వైర్లూ చుట్టుముట్టిన పెళ్ళి స్టేజీ మీద ఇది ఎంతవుతుందో ఊహించుకోండి.

అకూస్టిక్ గిటారుకి అదే సెట్టింగు పెడితే బొత్తిగా కుదరలేదు. బ్రిడ్జి కింద ఉండే పీజో పికప్ అసలే మొదటి దెబ్బని కరుకుగా ఇస్తుంది. పైగా వేళ్ళు జారే కీచు పెరిగింది, గిటారు పెట్టె గుమ్మని స్పీకరుతో మాటలు కలపబోయింది. అది అక్కయ్య మైకు కూసిన కూతే. మీటలు బాగా తగ్గించాక గానీ దారికి రాలేదు.

వాడికి నేనిచ్చిన జవాబు ఇది. ఎలక్ట్రిక్‌కి నీకు నచ్చిన ఎర్ర డబ్బా కొనుక్కో, ఓవర్‌డ్రైవ్ పెడల్‌కి ముందు పెట్టు. మందిరం గిటారుకి ముందు ఈక్యూ (ఈక్వలైజర్) కావాలి, ఆ కరుకుతనాన్ని కోయడానికి. తర్వాతే కంప్రెసర్. రెండింటికీ కలిపి ఒకటే కొనేంత డబ్బే ఉంటే మాత్రం బ్లెండ్ మీట ఉన్నది చూడు. బిగించిన నాదం పక్కనే అసలు మీటు కూడా కలిసి వినిపిస్తుంది. అటాక్ మీట విడిగా ఉండాలి, మొదటి దెబ్బ దాటాకే బిగించేలా పెట్టుకోవడానికి. అకూస్టిక్‌కి రెండుకి ఒకటి నిష్పత్తి దాటకు. మెత్తగా పట్టి మెత్తగా వదిలే ఆప్టికల్ రకమైతే ఇంకా మంచిది.

ఇలాంటిది కొనబోయే మిగతావాళ్ళకి కూడా ఒక మాట. విజయవాడ షాపుకి మీ గిటారే తీసుకెళ్ళండి, అక్కడి గిటారు మీద చూడకండి. ఎవరూ అడగకపోయినా మీకొచ్చిన పాటల్లో అతి మెల్లని ముక్క వాయించండి. పెడల్ వేసి ఒకసారి, తీసి ఒకసారి. వేసినప్పుడు ఆ మెల్లని ముక్క గది చివరిదాకా వినబడి, గట్టిగా వాయిస్తే ఇంకా గట్టిగానే అనిపించాలి. ఈ రెండోది పోతే ఆ డబ్బా అక్కడే వదిలేసి రండి.