ఫ్రిజ్ వెనకాల ఏముంది?

మన ఇళ్లలో ఫ్రిజ్ మీద ఉన్నంత నమ్మకం ఇంకే వస్తువు మీదా ఉండదు. నిన్నటి పప్పు, మొన్నటి చేపల పులుసు, ఎప్పుడు కొట్టామో గుర్తులేని కొబ్బరి చిప్ప, అన్నింటికీ ఒకటే భరోసా: ‘ఫ్రిజ్‌లో పెట్టాంగా!’ మా అమ్మ ఇప్పటికీ వాదిస్తుంది. ‘‘గిన్నె పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది. అది పాడవుతుందంటావేంట్రా?’’

పాడవుతుందమ్మా. ఫ్రిజ్‌లో ఉండాల్సిన 4 డిగ్రుల దగ్గర సూక్ష్మజీవుల వేగం తగ్గుతుంది, అంతే. ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర పెరగడం ఆగుతుంది గానీ చాలావరకు చావవు, కరగబెట్టగానే మళ్లీ పని మొదలెడతాయి. లిస్టీరియా అనే బ్యాక్టీరియాకైతే 4 డిగ్రుల చలి కూడా అడ్డు కాదు, మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. ఇంత శాస్త్రం ఎందుకనుకుంటే దోసెల పిండిని చూడండి. ఫ్రిజ్‌లో పెట్టినా రోజురోజుకీ పులుపెక్కుతూనే ఉంటుంది కదా! చల్లగా ఉన్నదల్లా శుభ్రంగా ఉందనుకోవడం దగ్గరే మన లెక్క తప్పుతోంది.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. పారేయడానికి మనసొప్పనిదాన్ని ఫ్రిజ్‌లో పెడతాం. నాలుగు రోజులు పోయాక అదే గిన్నెను ముక్కు మూసుకుని నిశ్చింతగా పారేస్తాం. మధ్యలో కరెంటు ఖర్చు అదనం.

మా ఇంట్లో ఫ్రిజ్ కడిగే పని నాది. ఎన్ని లీటర్లు, ఎన్ని స్టార్లు, ఏ రంగు అంటూ షోరూంలో గంటసేపు బేరమాడే మగవాళ్లం ఇంటికొచ్చాక దాని తలుపు తీసేది మంచినీళ్ల సీసా కోసమే. అది నాకు బాగోలేదనిపించి తీసుకున్న పని. తుడవడం వరకూ పెద్ద విద్యేం కాదు. ప్లగ్ తీసి, సామానంతా బయటపెట్టి, పాలూ పెరుగూ మాంసమూ ఉంటే ఐస్ వేసిన టబ్‌లోకి మార్చాలి. గాజు అరల్ని తీసీ తీయగానే వేడినీళ్లలో పెడితే పగులుతాయి, కాసేపు బయట ఉంచి కడగాలి. లీటరు గోరువెచ్చని నీళ్లకు రెండు చెంచాల వంటసోడా చాలు. ఫినాయిలూ ఘాటు సెంటు వాసన వేసే లిక్విడ్లూ వద్దు, పాలూ వెన్నా ఆ వాసన పీల్చేస్తాయి. పొంగి కారి ఎండిపోయిన దోసెల పిండిని గోకక్కర్లేదు. దాని మీద తడిగుడ్డ పరిచి పది నిమిషాలు వదిలేస్తే మెత్తబడి ఊడొస్తుంది.

అసలు సంగతి తలుపు రబ్బరు దగ్గర మొదలవుతుంది. పైకి తెల్లగానే కనిపిస్తుంది. మడతను వేలితో విప్పి చూడండి. కొత్తిమీర కాడ, ఆవగింజలు, అమ్మాయి జడ కోసం తడిగుడ్డలో చుట్టి దాచిన మల్లెల నుంచి రాలిన రేకు, వీటన్నింటి మధ్య చుక్కలు చుక్కలుగా నల్లటి బూజు. పాత టూత్‌బ్రష్, సబ్బునీళ్లు పట్టుకుని కింది మూలల దగ్గర ఓపిగ్గా కూర్చోవాలి, జిడ్డంతా అక్కడికే దిగుతుంది. అయ్యాక పొడిగుడ్డతో తడి లేకుండా తుడవాలి. ఆ తర్వాత ఓ పదిరూపాయల నోటు తలుపు సందులో పెట్టి, మూసి, లాగి చూడండి. కాస్త బిగువుగా రావాలి. ఏ అడ్డూ లేకుండా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు పట్టడం లేదన్నమాట. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పోతుంది. మన కోస్తా గాలిలో తేమ ఎంతో చెప్పక్కర్లేదు. ఆ తేమే ఫ్రీజర్‌లో మంచై పేరుకుంటుంది. మంచు గోడ మందమయ్యేకొద్దీ చల్లదనం అరల్లోకి రావడం కష్టమై కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, బిల్లు పెరుగుతుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో మంచు అర సెంటీమీటరు దాటితే ఇక ఆలస్యం చేయకూడదు.

ఆ మంచును కరిగించడానికి చల్లదనాన్ని పెంచే, తగ్గించే నాబ్ మధ్యలో డీఫ్రాస్ట్ బటన్ ఉంటుంది. రాత్రి నొక్కి పడుకుంటే తెల్లారేసరికి పని అయిపోతుంది, ఫ్రిజ్ దానంతటదే మళ్లీ మొదలవుతుంది. అయినా మనవాళ్లకు కత్తే కావాలి. ఐస్ ట్రే అంటుకుపోయిందనో, చేపముక్కల కవర్ ఊడి రావడం లేదనో పొడుస్తారు. మా పక్క ఫ్లాట్‌లో ఫ్రిజ్ ఆగిపోతే వచ్చిన మెకానిక్ తలుపు కూడా తెరవకుండా అడిగిన మొదటి ప్రశ్న: ‘‘కత్తి పెట్టారా సార్?’’ ఫ్రీజర్ చుట్టూ ఉన్నది పలచటి అల్యూమినియం రేకు, గ్యాస్ తిరిగే సన్నటి దారులు ఆ రేకులోనే ఉంటాయి. ఒక్క పోటుకు చిల్లి పడితే చల్లదనమంతా పోయినట్టే. హైదరాబాద్‌లో తయారైన ఆల్విన్ ఫ్రిజ్‌లు ఇళ్లలో ఉన్న రోజుల్లో వాడుకలో ఉన్న గ్యాస్ ఆర్12. అది మండదు గానీ ఓజోన్ పొరను తినేస్తుందని 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత క్రమంగా మానేశారు. ఇప్పుడు చాలా ఫ్రిజ్‌లలో ఉన్నది ఆర్600ఎ, అంటే ఐసోబ్యూటేన్. మన వంటగ్యాస్ కుటుంబానిదే, మండుతుంది. ఉండేది కొన్ని పదుల గ్రాములే అయినా, రేకు చిల్లి పడి బుస్సుమని శబ్దం వస్తే వెంటనే కిటికీలు తెరవాలి. స్విచ్‌లు ముట్టుకోవద్దు, పొయ్యి వెలిగించవద్దు.

‘మాది ఫ్రాస్ట్‌ఫ్రీ, మాకా బాధ లేదు’ అంటారు కొందరు. అందులోనూ మంచు పడుతుంది, మనకు కనపడదంతే. లోపలి హీటర్ అప్పుడప్పుడూ దాన్ని కరిగిస్తుంది. ఆ నీళ్లు వెనక గోడలోని చిన్న కన్నం గుండా పోతాయి. కరివేపాకు రెబ్బో అన్నం మెతుకో ఆ కన్నానికి అడ్డం పడితే కూరగాయల ట్రే కింద నీళ్లు నిలుస్తాయి. మెకానిక్‌ను పిలిచేముందు అక్కడ చూడండి.

మరి ఆ నీళ్లు చివరికి ఎక్కడికి పోతాయి? చాలామందికి తెలియని చోటు అదే. ఫ్రిజ్ వెనకాల, కంప్రెసర్ మీద ఓ ప్లాస్టిక్ ట్రే ఉంటుంది. నీళ్లు అందులో చేరి కంప్రెసర్ వేడికి ఆవిరైపోవాలి. వర్షాకాలంలో గాలే తడిగా ఉంటుంది కాబట్టి పూర్తిగా ఆవిరవవు. నీడ, కదలని నీళ్లు, ఎవరూ తొంగిచూడని మూల. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకు ఇంతకంటే ఏం కావాలి? వీధి కాలువ గురించి మున్సిపాలిటీని తిట్టే మనం ఆ దోమను వంటింట్లో పెంచుతుంటాం. కాళ్ల మీద తెల్లచారలుండే ఈ దోమ ఇష్టపడేది మురుగు కాదు, ఇలాంటి తేట నీళ్లే.

గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. ఆరోగ్య సిబ్బంది శుక్రవారం డ్రైడే, నిలవ నీళ్లు పారబోయండి అంటూ ఇల్లిల్లూ తిరిగి చెప్పేది అందుకే. జనం కుండీలూ, కూలర్లూ, పాత టైర్లూ ఖాళీ చేస్తారు, ఫ్రిజ్ ట్రే మర్చిపోతారు. నీళ్లు ఒంపితే సరిపోదు కూడా. ఏడిస్ గుడ్లు నీటి అంచున ట్రే గోడకు అంటుకుని ఉంటాయి, నెలల తరబడి ఎండినా చావవు, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకని పీచుతో గట్టిగా తోమాలి.

వచ్చే శుక్రవారం ప్లగ్ తీసి, ఫ్రిజ్‌ను ఓ మూరెడు ముందుకు లాగండి. ట్రే ఊడి వచ్చేదైతే తీసి కడగండి, స్క్రూలు బిగించి ఉంటే గుడ్డతో నీళ్లు అద్దేసి, లోపలి అంచుల్ని బ్రష్‌తో రుద్దండి. నీళ్లలో మెలికలు తిరుగుతూ పురుగులు కనిపిస్తే వాటిని కాలువలో పొయ్యకండి. ఎండిన నేల మీద పొయ్యండి, తడి ఆరగానే చస్తాయి.