యేదో ఒకటి చెయ్యి

వంట మీద మనసు విరిగిపోవడం సాహిత్య విమర్శకు సంబంధించిన విషయమేనా అని యీ పత్రిక పాఠకులు అడగవచ్చు. అడగడం న్యాయమే. చాలాకాలం నేనూ అట్లాగే అనుకొన్నాను. పదిహేనేండ్ల క్రిందట రాయలసీమ కథలను గురించి ఒక సభలో మాట్లాడుతూ, కథలో తిండిని వర్ణించడం ప్రాంతీయతకు పెట్టిన తాలింపు మాత్రమేననీ, కథావస్తువుకు దానితో పని లేదనీ గట్టిగా చెప్పాను. చప్పట్లు కూడా పడ్డాయి. ఆ మాట తప్పని యిప్పుడు వ్రాయవలసి వస్తున్నది. ఆ తప్పు నాకు తెలిసింది పుస్తకాలు చదువుతూ కాదు, కూరగాయల బుట్ట ముందర నిలబడి.

నేను పుట్టింది కడప జిల్లాలో జమ్మలమడుగు వైపు ఒక మెట్టపల్లెలో. ఉద్యోగం వల్ల కర్నూలులో స్థిరపడి ముప్పయ్యేండ్లు దాటింది. కాలేజీలో పాఠాలు చెప్పి, యింటికి వచ్చి వండిపెట్టి, రాత్రిపూట యిట్లాంటి వ్యాసాలు వ్రాసుకొన్న మనిషిని. వంట నాకెప్పుడూ బరువనిపించలేదు. పాఠం చెప్పి వచ్చిన నోటికి విశ్రాంతిగా, చేతికి పనిగా ఉండేది. 2020లో బడులూ ఆఫీసులూ మూతపడి యింటిల్లిపాదీ యింట్లోనే ఉన్న నెలల్లో ఆ యిష్టం పోయింది. ఒక్కరోజున పోలేదు. మొదట తాలింపు మాడినా పట్టించుకోవడం మానేశాను. తరువాత ఉప్పు చూడడం మానేశాను. చివరకు బుట్టలో వంకాయలున్నవని కంటికి కనబడుతున్నా, వాటిని యేం చేయాలో తోచక పావుగంటసేపు ఊరికే నిలబడే స్థితి వచ్చింది.

చేతులు అలసిపోయాయంటే నేనే నమ్మను. గ్యాసు పొయ్యీ, కుక్కరూ, మిక్సీ ఉన్న యింట్లో చేతులకు మా అమ్మ పడిన కష్టంలో పదోవంతు లేదు. అలసిపోయింది మరొకటి. 'యీ పూట యేం చేద్దాం?' అని అడిగితే మా ఆయన 'యేదో ఒకటి చెయ్యి' అనేవారు. కొడుకూ, కూతురూ 'యేదో ఒకటి చెయ్యమ్మా' అనేవారు. పైకి వినడానికి యెంత మర్యాదగల మాట! మాకు పట్టింపులు లేవు, నీవు యేది పెట్టినా తింటామని అర్థం. కాని ఆ 'యేదో ఒకటి' యేదో తేల్చేవారెవరు? నిన్న చేసింది కాకూడదు. ఆయనకు కారం తగ్గించాలి. కూతురు గోగాకు ముట్టదు. టమోటా ధర పెరిగింది. రాత్రి పప్పు గిన్నెడు మిగిలింది, పారేయడానికి మనసొప్పదు. యిన్ని లెక్కలూ ఒక్క తలలో జరిగిన తరువాతనే పొయ్యి వెలుగుతుంది. భారత ప్రభుత్వం 2019లో జరిపిన కాలవినియోగ సర్వేలో, యింటిపని చేసే ఆడవారు రోజుకు సగటున 299 నిమిషాలు, ఆ పని చేసే మగవారు 97 నిమిషాలు దానికి ఖర్చుపెడుతున్నారని తేలింది. ఆ అంకెలు చూసి నాకు కలిగిన సందేహం ఒకటే. పొయ్యి ముందర నిలబడినదాన్ని గడియారం లెక్కపెడుతుంది సరే, బుట్ట ముందర నిలబడినదాన్ని యెవరు లెక్కపెట్టారు?

విమర్శకులకు ఒక దురలవాటు ఉంది. కష్టం వస్తే పుస్తకాల బీరువా తెరుస్తాము. నేనూ తెరిచాను.

1990 ప్రాంతాల స్త్రీవాద కవిత్వాన్ని గురించి మాట్లాడేవారెవరూ విమల 'వంటిల్లు'ను విడిచిపెట్టలేరు. నేను క్లాసులో యెన్నిసార్లు చదివి వినిపించానో లెక్కలేదు. వంటిల్లు ఆడమనిషిని యెట్లా మింగేస్తుందో ఆ కవిత చెప్పినంత సూటిగా వంద ఉపన్యాసాలు చెప్పలేవు. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో గృహిణి యింటిపనిలో పడి తన పేరే మరచిపోతుంది. యీ రెండూ నిజాలే, యీనాటికీ నిజాలే. కాని నాకు నేను చేసికొన్న అన్యాయం ఒకటుంది. విమల కవితలో బాల్యంలో వంటింటి మీద ఉండిన మోహం కూడా ఉంది. అది ఉన్నందువల్లనే తరువాతి కోపానికి అంత బలం వచ్చింది. నేను ఆ మొదటి భాగాన్ని ముందుమాటలాగా దాటవేసి, చివరి భాగాన్ని మాత్రం గొంతెత్తి చదివేదాన్ని. సభలో వంటింటిని కూలగొట్టి, సాయంత్రానికి అదే వంటింట్లోకి వచ్చి బియ్యం కడిగేదాన్ని. రెంటి మధ్యా ఉన్న గంటలను గురించి నా విమర్శలో ఒక్క వాక్యం లేదు.

రెండో వైపు చూస్తే రుచుల జ్ఞాపకాలు. యీ మధ్య యివి విపరీతంగా పెరిగాయి. సంగటి, నాటుకోడి పులుసు, ఓళిగలు, ఉగ్గాని, అమ్మ చేతి ముద్ద. హైదరాబాదు హోటళ్ళ బోర్డుల మీద సీమ అంటే యిదే. మా పల్లెలో సంగటి దినదినమూ ఉండేది, కోడి యెప్పుడో చుట్టాలొచ్చినప్పుడు తెగేది. రోజూ సంగటిలోకి ఊరిబిండో, పుల్లగూరో, ఎనిపిన ఆకుకూరో. యీ జ్ఞాపకాలు వ్రాసేవారిలో చాలామంది తిన్నవారే గాని వండినవారు కారు. వారి వాక్యాల్లో ముద్ద ఆకులోకి దానంతట అదే వచ్చి పడుతుంది. ఉడుకుతున్న బియ్యం నడుమ రాగిపిండిని కుప్పగా పోసి, కట్టెతో బొక్క పొడిచి, ఆవిరి పట్టనిచ్చి, దించి, గిన్నెను కాళ్ళతో అదిమిపట్టి సంగటికట్టెతో ఉండ లేకుండా కెలికిన ఆడమనిషి భుజం నొప్పి ఆ వాక్యాల్లో కనబడదు.

యిక మన గంభీర సాహిత్యం. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' 1956లో వెలువడింది. పెన్న ఒడ్డు పేదరికాన్ని కావ్యవస్తువును చేసిన ఆ రచన మొదలు సీమ రచయితలకు కరువు పెద్ద వస్తువు. కావలసిందే. అయితే కరువు కథల్లో నాకు తరచు యెదురయ్యే వాక్యం ఒకటుంది: పొయ్యి వెలగలేదని. కథకుడు దానితో గుండెలు పిండుతాడు. కాని ఆ పొయ్యి ఒక్కరోజున ఆరిపోలేదే! అంతకు ముందు నెలల తరబడి ఆ యింటి ఆడది పిండిని సాగదీసింది. గట్టి సంగటి మెత్తనయింది, మెత్తనిది అంబలి అయింది, అంబలి పలచనయింది. సేరు పిండి అయిదుగురికి చాలినట్లు కనిపించడానికి యేమి కలపాలి, యెవరికి ముందు పెట్టాలి, తాను యెప్పుడు తినాలి? యిది యింటి అర్థశాస్త్రం. కథ అంతా నిజానికి అక్కడే జరిగింది. మనం చివరి రోజున వెళ్ళి చల్లని బూడిదను వర్ణించి వచ్చాము. నేనయితే ఆ బూడిదను మెచ్చుకొంటూ వ్యాసాలు కూడా వ్రాశాను.

మెట్టధాన్యానికి సాహిత్యంలో గౌరవం లేకపోవడం యీనాటిది కాదు. శ్రీనాథుని పేర వినవచ్చే చాటువుల్లో పలనాటి జొన్నకూడు మీద విసుగు అందరికీ తెలిసినదే. వరి తిన్న అతిథి నాలుక జొన్నకు యిచ్చిన మార్కులు అవి. ఆ జొన్న తట్టిన చేతిని యెవరూ అడగలేదు.

అడిగితే యేం చెప్పేదో నాకు కొంత తెలుసు. మా సీమలో కూడా తిండి ఒకటిగా లేదు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరే కర్నూలు-కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. నష్టాల్లో మునిగిన కంపెనీ నుంచి ప్రభుత్వం దాన్ని 1882లో కొన్నది. ఆ కాలువ క్రింది ఊళ్ళకు వరన్నం రోజువారీ తిండి, కాలువకు దూరమైన మా మెట్టకు పండుగ తిండి. మాకు జొన్న, కొర్ర, రాగి, చెనిక్కాయలు. (కర్నూలులో వాటినే బుడ్డలంటారు. పెండ్లయిన కొత్తలో మా అత్తగారు 'బుడ్డలు వేయించు' అంటే బిక్కమొగం వేశాను.) 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు మా పల్లెలో మూడుపూటలా తెల్లన్నం చూశాము. దాన్ని తిట్టేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. తెల్లవారుజామున తిరగలి ముందు కూర్చున్నవారు యెవరూ ఆ బియ్యాన్ని తిట్టరు. మా అమ్మ తిట్టలేదు.

కాని ఒక మార్పు మన కంట పడలేదు. మా అమ్మకు 'యీ పూట యేం చేద్దాం' అనే ప్రశ్న లేదు. చేలో యేది పండితే అది, పెరట్లో యేది కాస్తే అది. ఆమె చాకిరి అంతా చేతులది. తిరగలి పోయింది, రోలు మూలకు చేరింది, అంగట్లో అన్ని కాలాల్లోనూ అన్నీ దొరుకుతున్నాయి. చేతుల బరువు తగ్గిన మేర తల బరువు పెరిగింది. యెంచుకోవడమనే పని కొత్తగా పుట్టి, యెవరూ చర్చించకుండానే యింట్లో ఒక్క మనిషికి దఖలు పడింది. నా నిరుత్సాహం మూలం అక్కడ ఉంది. నేను దాన్ని నా సోమరితనమనుకొని సిగ్గుపడుతూ వచ్చాను.

యిది నాకు తోచేటట్లు చేసింది మా చిన్నమ్మ. రెండేండ్ల క్రిందట కంటి ఆపరేషనుకని కర్నూలు వచ్చి మూడువారాలు మా యింట్లో ఉంది. పొగకూ సెగకూ దూరంగా ఉండమన్నారు గనుక వంటింటి గడప అవతల కుర్చీ వేసికొని కూర్చునేది. మొదటిరోజు నేను అలవాటు చొప్పున 'యేం చేద్దాం చిన్నమ్మా?' అన్నాను. యేదో ఒకటి అంటుందనుకొన్నాను. ఆమె 'యేముండాయి అమ్మీ ఇంట్లో?' అని అడిగింది.

నేను ఒక్కొక్కటీ చెప్పాను. నాలుగు వంకాయలు, గుప్పెడు చెనిక్కాయలు, ఎర్రగడ్డలు, చింతపండు, డబ్బా అడుగున జొన్నపిండి. 'ఇంగేం, శానా ఉండాయి' అన్నది. అంతే. ఆ పూట జొన్నరొట్టె, ఊరిబిండి, వంకాయ. తేల్చే పని యిద్దరి మధ్య అర నిమిషంలో అయిపోయింది.

రొట్టె మాత్రం నాకు రాలేదు. జొన్నపిండికి గోధుమపిండి జిగి ఉండదు. కాగిన నీళ్ళు పోసి, వేడిగా ఉండగానే అరచేతి మడమతో బాగా పిసికితే గాని అతుక్కోదు. పిండి పాతదైతే అదీ కష్టమే. నా రొట్టె అంచుల వెంబడి పగిలింది. చిన్నమ్మ కంటికి కట్టు. చూడలేదు, విన్నది. 'తట్టే సప్పుడు బాగలేదు. యేళ్ళతో కొడ్తాండావు, అరచెయ్యి ఆనల్ల' అన్నది. నాలుగోరోజుకు నా చప్పుడు మారిందని ఆమె అనకముందే నాకు వినబడింది. పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన నీళ్ళు తుడిచి, తిప్పి, నిప్పు సెగ చూపితే రొట్టె పొంగింది. యెన్నో నెలల తరువాత పొయ్యి దగ్గర నవ్వినట్లు జ్ఞాపకం.

మా ఆయన ఆ నవ్వు విని లోపలికి వచ్చారు. చిన్నమ్మ ఆయన్ను వదల్లేదు. 'నాయనా, సంగటి గెలికేదానికి మొగోని రెక్కలే మేలు' అని కట్టె చేతికిప్పించింది. మొదటి సంగటి నిండా ఉండలే. తిన్నాము.

యిక్కడితో సుఖాంతం అనుకోవద్దు. చిన్నమ్మ ఊరికి పోయిన వారానికి బుట్ట ముందర మళ్ళీ నిలబడ్డాను. అప్పుడు యింట్లో ఒక తగాదా జరిగింది, మంచి తగాదా. 'సహాయం చేస్తానంటున్నాను గదా' అని ఆయన, 'సహాయం నాకు వద్దు, తేల్చండి' అని నేను. యిప్పుడు మంగళ, శుక్రవారాలు ఆయనవి. యేముందో చూసుకోవడం, యేం చేయాలో తేల్చడం, చేయడం అంతా ఆయనదే. ఆ రోజుల్లో ఆయన నన్ను అడిగితే నేను కసికొద్దీ 'యేదో ఒకటి చెయ్యండి' అంటాను. మిగిలిన అయిదురోజుల్లో మూడు నాకు యిష్టంగానే గడుస్తాయి. రెండు గడవవు. ఆ రెండూ ఉప్మా.

కొత్త కథకులు నాకు వ్రాతప్రతులు పంపుతూ ఉంటారు. పోయిన నెల ఒక కుర్రవాడు పంపిన కరువు కథలో మూడో పేజీలో పొయ్యి ఆరిపోయింది. అంచున గీత గీసి, 'అంతకు ముందు నెలలో ఆమె యేం వండింది?' అని వ్రాసి తిప్పి పంపాను. ఫోను చేసి, తనకు తెలియదన్నాడు. మీ అవ్వ ఉన్నదా అని అడిగాను. ఉన్నదన్నాడు, ఆళ్ళగడ్డ దగ్గర పల్లెలో. పోయి అడిగి రమ్మన్నాను. యింకా రాలేదు.