ముందు నకలు, ఆ తర్వాతే మరమ్మతు

"ఇంకోసారి ఆన్ చెయ్యబాకన్నా."

నాయుడుపేట బజారులోని ఒక చిన్న మరమ్మతు అంగట్లో మాకు మొదట వినపడిన మాట ఇది. బల్లమీద మా మేనమామ లాప్‌టాప్ ఉంది. తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైన ఆయన పదకొండేళ్లుగా స్వర్ణముఖి ఒడ్డు ఊళ్లలో జనం పలికే మాటల్ని పోగుచేసి, అక్షరానికొక ఫైలు చొప్పున అందులో దాచుకున్నాడు. ఆ రోజు పొద్దున బటన్ నొక్కితే కంపెనీ గుర్తు వచ్చింది, కింద చుక్కలు గిర్రున తిరిగాయి, అంతే. ఇంట్లో ఆయన ఇరవైసార్లయినా ఆర్పి వెలిగించి ఉంటాడు. అంగట్లో మాకు చూపిద్దామని మళ్లీ బటన్ మీద వేలు పెట్టబోతే అంగడి కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

'వద్దు' అనడానికి 'బాక' అనడం నెల్లూరు వాళ్ల అలవాటు. 2022 ఏప్రిల్‌లో నాయుడుపేట కొత్త తిరుపతి జిల్లాలోకి వెళ్లినా మాట మాత్రం మారలేదు. పోయాయనుకున్న ఫైళ్లను వెనక్కి తెచ్చే విద్యకు మొదటి పాఠం ఆ ఒక్క మాటలోనే ఉందని నాకు తర్వాత అర్థమైంది. చావుబతుకుల్లో ఉన్న డిస్కుని వెలిగించిన ప్రతిసారీ దాని ఆయుష్షు కొంత తగ్గుతుంది. పైగా విండోస్ తనంతట తానే మరమ్మతుకు పూనుకుని డిస్కు మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది.

లాప్‌టాప్ ఆన్ కాలేదంటే లోపలిదంతా పోయిందని మనం గుండెలు బాదుకుంటాం. నిజానికి పోయింది బండి అయి ఉండవచ్చు, అందులోని సరుకు కాదు. కుర్రాడు వరసగా చూసుకుంటూ వెళ్లేది కూడా అందుకే. ముందు చార్జర్ తీసేసి, పవర్ బటన్‌ని అర నిమిషం అదిమి పడతాడు. బోర్డులో నిలిచిపోయిన కరెంటు దిగిపోతే కొన్ని లాప్‌టాప్‌లు అప్పుడే లేస్తాయి. తెర నల్లగా ఉంటే టార్చి వేసి ఏటవాలుగా చూస్తాడు. అక్షరాలు మసకగా కనపడితే పోయింది తెర వెనక దీపమే. అప్పుడు వేరే మానిటర్‌కో టీవీకో తగిలించి ఫైళ్లు తీసుకోవచ్చు. అదీ కాకపోతే ర్యామ్ ఊడదీసి, దాని బంగారు పళ్లని పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్లీ పెడతాడు. ఈ రబ్బరు వైద్యం మన దేశంలో ఏ చిన్న ఊరి అంగడికి వెళ్లినా కనపడుతుంది. పులికాట్ సరస్సు నుంచి ఉప్పుగాలి వీచే ఈ వైపు దాని అవసరం ఇంకాస్త ఎక్కువేనని నా నమ్మకం.

ఇవేవీ పనిచేయకపోతే డిస్కుని బయటికి తీస్తాడు. పాత లాప్‌టాప్‌లలో అరచేతిలో ఇమిడే రెండున్నర అంగుళాల పెట్టె ఉంటుంది, కొత్తవాటిలో బబుల్‌గమ్ రేకంత ఎస్ఎస్‌డీ. దానికి సరిపడే కేసింగ్‌లో పెట్టి యూఎస్‌బీ తీగతో వేరే కంప్యూటర్‌కు కలిపితే చాలాసార్లు ఫైళ్లన్నీ చెక్కుచెదరకుండా కనపడతాయి. డిస్కు ఊడదీయడం ఇష్టం లేకపోతే పెన్‌డ్రైవ్‌లో విండోస్‌కు బదులు ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని, లాప్‌టాప్‌ని దాంతోనే లేపి ఫైళ్లు బయటికి తెచ్చుకోవచ్చు. కాకపోతే కొన్నిసార్లు డిస్కు తగిలించగానే విండోస్ ఒక పలక చూపిస్తుంది. వాడుకోవాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని దాని ప్రశ్న. అక్కడ కంగారులో అవునని నొక్కినవాళ్లు ఎందరో. 'ఫార్మాట్ కొడితే సరిపోతుంది' అనే సలహా కూడా అంగళ్లలో తేలిగ్గానే దొరుకుతుంది. లాప్‌టాప్ లేవడానికి అది సరిపోవచ్చు. పదకొండేళ్ల పనికి అది సరిపోదు.

మామయ్య డిస్కు పాతకాలపు తిరిగే రకం, నిమిషానికి 5400 చుట్లు. లోపల అద్దంలాంటి పళ్లెం మీద, వెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల్లో ఒక వంతు ఎత్తున, చదివే తల తేలుతూ ఉంటుంది. అది పళ్లేనికి తగిలితే గీత పడుతుంది, గీత పడ్డచోట అక్షరం ఉండదు. కుర్రాడు డిస్కుని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. టక్ టక్ అని కొట్టుకుంటే తల పాడైనట్టు. అప్పుడిక ఏ సాఫ్ట్‌వేరూ నడపకూడదు. దుమ్ము లేని గదిలో, అదే మోడల్ డిస్కు నుంచి తల తెచ్చి అమర్చగలిగే చెన్నై, బెంగళూరు లాంటి చోటికి పంపాల్సిందే. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పేవాళ్లున్నారు. బయటికి తీయగానే పళ్లెం మీద చెమ్మ పడుతుంది, ఆ పని చేయవద్దు. మాది కొట్టుకోవడం లేదు. తిరుగుతోంది, మధ్యమధ్య తడబడుతోంది. "చదవలేని చోట్లు ఉండాయి అయ్యోరూ. ముందు కాపీ చేద్దాం, ఆనేక ఫైళ్ల సంగతి" అన్నాడు.

ఈ విద్యకు ప్రాణం అక్కడే ఉంది. తెలిసినవాడు మూల డిస్కు మీద వైద్యం చేయడు. మొత్తం డిస్కుని, ఖాళీ జాగాతో సహా, తునక తునకగా ఇంకో డిస్కు మీదికి నకలు తీస్తాడు. ఆ తర్వాత పనంతా నకలు మీదే. ఇందుకు ప్రపంచమంతా వాడే ఉచిత సాధనం డీడీరెస్క్యూ. దాని నడక చూస్తే అనుభవమున్న మనిషి గుర్తొస్తాడు. తేలిగ్గా చదవగలిగినవన్నీ ముందు తీసుకుంటుంది. మొరాయించిన చోటిని పీకి పాకం పట్టకుండా దాటేసి ముందుకు పోతుంది. దక్కేది దక్కాక వెనక్కి వచ్చి, పాడైన చోట్ల అంచుల నుంచి కొద్దికొద్దిగా లోపలికి గోకుతుంది. ఎంతవరకు వచ్చిందో ఒక చిన్న పటంలో రాసుకుంటుంది కనుక మధ్యలో కరెంటు పోయినా మళ్లీ మొదటికి రానక్కర్లేదు. మామయ్య డిస్కుకి రెండు రాత్రులు, ఒక పగలు పట్టింది. అయిదు వందల జీబీలో చదవలేక మిగిలింది పది ఎంబీ కూడా లేదు. ఎంత పోయిందన్న దానికన్నా ఎక్కడ పోయిందన్నదే అసలు ప్రశ్న, అది అప్పటికి మాకు తెలియదు.

నకలు తీశాకే పని మొదలుపెట్టాలన్న పద్ధతి రాయలసీమకు కొత్త కాదు. 1820లలో కడపలో సి.పి. బ్రౌన్ తన బంగళాలో సొంత జీతాలిచ్చి పండితుల్ని, లేఖకుల్ని పెట్టుకున్నాడు. ఒకే కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించి, కాగితం మీదికి ఎక్కించి, ఒకదానితో ఒకటి పోల్చి శుద్ధప్రతి తయారుచేయించేవాడు. ఒక ప్రతిలో పురుగు తిన్న పాదం ఇంకో ప్రతిలో నిక్షేపంగా ఉండేది. డీడీరెస్క్యూతోనూ సరిగ్గా ఇదే చేయవచ్చు. ఒకే సమాచారం ఉన్న డిస్కులు రెండూ వేర్వేరు చోట్ల చెడితే, ఒకదాని లోటును రెండోదాంతో పూడ్చి నిండు నకలు తీస్తారు. వేమన పద్యాలు 1829లో అచ్చుకెక్కాయంటే బ్రౌన్ చూపిన ఆ ఓపిక వల్లే. సాఫ్ట్‌వేరు పేర్లు మారుతుంటాయి, ఈ ఓపికను మాత్రం తరం నుంచి తరం అందుకుంటూ వస్తోంది.

తాటాకు సంగతి వచ్చింది గనక ఇంకొకటి చెప్పాలి. తాటాకు మీద రాసేది సిరాతో కాదు, గంటంతో గీస్తారు. గీతలోకి మసి దిగేలా పూస్తేనే అక్షరం కనపడుతుంది. ఏళ్లు గడిచి మసి రాలిపోతే ఆకు ఖాళీగా ఉన్నట్టు ఉంటుంది, మళ్లీ నూనెమసి పూస్తే గీతలు లేచి వస్తాయి. తిరిగే డిస్కులో చెరిపేసిన ఫైలు కూడా అంతే. చెరిపినప్పుడు పోయేది విషయసూచికలో దాని పేరు మాత్రమే, దాని మీద ఇంకొకటి రాసేదాకా పుట అక్కడే ఉంటుంది. ఫోటోరెక్ అనే సాధనం సూచికను పట్టించుకోకుండా పుటల్నే వెతుకుతుంది. ప్రతి రకం ఫైలుకీ మొదట్లో ఒక గుర్తు ఉంటుంది. జేపెగ్ ఫొటో అయితే ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్ అనే బైట్లతో మొదలవుతుంది, పీడీఎఫ్ అయితే శాతం గుర్తు వెంట తన పేరే రాసుకుంటుంది. ఆ ఆనవాళ్లు పట్టుకుని ఫైళ్లని ఏరి తెస్తుంది. వచ్చేవాటికి పేర్లు ఉండవు, అంకెలే ఉంటాయి.

సూచిక కూడా కొంత చెడిపోవడంతో మామయ్య ఫైళ్లలో సగానికి పైగా అలా పేర్లు లేకుండానే వచ్చాయి. తెరిచి చూస్తే ఇంగ్లిషు అక్షరాలు, వింత గుర్తులు కలగాపులగంగా ఉన్నాయి. ఆయన ముఖం పాలిపోయింది. నాకూ పాడైపోయాయనే అనిపించింది. కానీ అవి పాడవలేదు. మొదటి ఏళ్లలో ఆయన టైపు చేసింది అను ఫాంట్లతో. మన పత్రికల, అచ్చాఫీసుల డీటీపీ చాలావరకు ఏళ్ల తరబడి వాటి మీదే నడిచింది. అందులో లోపల దాగేది రోమన్ అక్షరాల సంకేతం, తెలుగు రూపం ఫాంటు ఇస్తుంది. ఫాంటు లేని కంప్యూటర్లో అది తెలుగే కాదు. ఫాంటు వేయగానే పుట మొత్తం ఒక్కసారి తెలుగై నిలిచింది. తర్వాతి ఏళ్లవి యూనికోడ్‌లో ఉన్నాయి. మామూలు టెక్స్ట్ ఫైలులో యూనికోడ్ తెలుగుని బైట్లుగా విప్పి చూస్తే ప్రతి అక్షరం ముందూ ఈ0 బీ0 గానీ, ఈ0 బీ1 గానీ ఉంటుంది. ఈ జంట కనపడితే అక్కడ తెలుగు ఉందన్నమాటే. పేరు లేని వేల ఫైళ్లలో మన భాషను పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి ఆనవాలు నేను చూడలేదు. అను ఫాంట్లలో పాత పనులున్న రచయితలు వాటిని యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకోవాలని నా విన్నపం. డిస్కు బతికి, ఫాంటు దొరకని రోజు వస్తే అదీ పోగొట్టుకోవడమే.

కొత్త లాప్‌టాప్‌ల విషయంలో ఈ విద్యకు హద్దులు దగ్గర పడుతున్నాయి. ఎస్ఎస్‌డీలో చెరిపిన ఫైలు చోటుని ట్రిమ్ అనే ఏర్పాటు తొందరగా శుభ్రం చేసేస్తుంది, మసి పూసినా పైకి లేచే గీత ఉండదు. కొన్నింటిలో నిల్వ చిప్పులు బోర్డుకే అతికి ఉంటాయి, బోర్డుని బతికించకుండా సమాచారం రాదు. అన్నిటికన్నా ముఖ్యం బిట్‌లాకర్. ఇటీవలి విండోస్ 11 లాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కు తాళం మనకు తెలియకుండానే పడి ఉంటుంది. డిస్కు ఎంత ఆరోగ్యంగా ఉన్నా, 48 అంకెల తాళంచెవి లేకపోతే ఏ అంగడివాడూ ఏమీ చేయలేడు. ఆ తాళంచెవి సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఈ వ్యాసం పక్కన పెట్టి ఇప్పుడే వెళ్లి చూసి కాగితం మీద రాసుకోండి.

పూర్తిగా పాడైన డిస్కు నుంచి కూడా సమాచారం వెనక్కి తేవచ్చా అనే అనుమానం వచ్చినప్పుడు నేను కొలంబియాని తలుచుకుంటాను. కల్పనా చావ్లా ప్రాణం విడిచిన ఆ అంతరిక్ష నౌక 2003 ఫిబ్రవరి 1న టెక్సాస్ ఆకాశంలో ముక్కలైంది. అందులోని ఒక డిస్కు కాలి, నేలమీద పడి నెలల తర్వాత ఎండిన చెరువు అడుగున దొరికింది. అమెరికాలోని ఒక డేటా రికవరీ సంస్థ నిపుణులు దాని పళ్లేలను శుభ్రం చేసి కొత్త పెట్టెలోకి మార్చారు. దాదాపు 99 శాతం సమాచారం చేతికొచ్చింది. జినాన్ వాయువు మీద ఆ యాత్రలో చేసిన ప్రయోగ ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి. మనుషుల్ని తేలేకపోయినా వాళ్లు చేసిన పనిని తెచ్చారు.

మళ్లీ నాయుడుపేటకు వస్తే, 2021 నవంబరు వరదల తర్వాత, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను తర్వాత తడిసిన లాప్‌టాప్‌లు ఇక్కడి అంగళ్లకు ఎన్నో వచ్చాయని కుర్రాడు చెప్పాడు. బతికినవి ఎక్కువగా వెలిగించి చూడకుండా తెచ్చినవేనట.

మామయ్య ఫైళ్లలో ఒక్కటి మాత్రం తెరుచుకోలేదు. చదవలేని ఆ పది ఎంబీ లోపలే 'బ' అక్షరం ఉంది. పాత అచ్చుప్రతి ఒకటి దొరుకుతుందేమోనని ఇంట్లో బీరువాలన్నీ వెతికాడు, సగం పుటలు దొరికాయి. మిగతా సగం మళ్లీ రాస్తున్నాడు. నకలు డిస్కు ఒకటి ఆయన దగ్గర, ఒకటి మా ఇంట్లో ఉన్నాయి. నిన్న ఫోన్ చేసి, మరమ్మతు అంగడి కుర్రాడు మొదటిరోజు ఏమన్నాడో సరిగ్గా అతను పలికినట్టే చెప్పమన్నాడు. చెప్పాను. 'బాక' కింద రాసుకుంటున్నాడు.