క్రియాపదం – కథనం: ‘ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్’ ఆటపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

1990లో వెలువడిన ‘ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్’ అనే కంప్యూటర్ ఆటను సాహిత్య విమర్శ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ ఆట సాహిత్యగుణం కథలో కన్నా, ఆడేవారు తెర మీద కూర్చే వాక్యంలో ఉందని ఇందులో ప్రతిపాదించడమైంది.

కీలకపదాలు: కంప్యూటర్ ఆట, క్రియాపదం, విధ్యర్థకం, సమస్యాపూరణం, కర్త.

1. ఉపోద్ఘాతం:

కంప్యూటర్ ఆటల ప్రస్తావన వచ్చినప్పుడు సాహిత్య విద్యార్థులు సాధారణంగా కథ దగ్గర మొదలుపెట్టి కథ దగ్గరే ఆగిపోతారు. ఆ కొలతతో చూస్తే ఈ ఆటలో చెప్పుకోవలసింది తక్కువ. గైబ్రష్ త్రీప్‌వుడ్ అనే యువకుడు సముద్రపు దొంగ కావాలన్న కోరికతో కరీబియన్ సముద్రంలోని మెలే దీవికి వస్తాడు. కత్తియుద్ధం, దొంగతనం, నిధి అన్వేషణ అనే మూడు పరీక్షలకు సిద్ధపడతాడు. దీవి గవర్నర్ ఎలైన్ మార్లీని ప్రేమిస్తాడు. ఆమెను లిచక్ అనే దయ్యపు దొంగ ఎత్తుకుపోతే సముద్రం దాటి వెతుక్కుంటూ వెళతాడు. రామాయణం తెలిసిన పాఠకుడికి ఈ నిర్మాణంలో కొత్తదనం కనిపించదు. అయినా మూడు దశాబ్దాలు దాటిన తరువాత కూడా ఈ ఆటను మళ్లీ మళ్లీ ఆడేవారు ఉన్నారంటే కారణాన్ని కథకు వెలుపల వెతకాలి.

2. తెర మీది వ్యాకరణం:

తొలినాటి అడ్వెంచర్ ఆటలలో ఆడేవారు ఆజ్ఞలను కీబోర్డుపై టైపు చేయవలసి వచ్చేది. యంత్రానికి ఏ మాట తెలుసో ఊహించడంలోనే సగం కాలం గడిచిపోయేది. లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ సంస్థ 1987లో ‘మేనియక్ మాన్షన్’ ద్వారా ఈ పద్ధతిని మార్చింది. క్రియాపదాలన్నీ తెర కింది భాగంలోనే కనిపిస్తాయి. మౌస్‌తో ఒక క్రియ మీద, తరువాత బొమ్మలోని ఒక వస్తువు మీద క్లిక్ చేయాలి. అదే పద్ధతిలో రాన్ గిల్బర్ట్, టిమ్ షేఫర్, డేవ్ గ్రాస్‌మన్ ‘మంకీ ఐలాండ్’ను రూపొందించారు. మొదట పన్నెండు క్రియలుండేవి. తరువాతి సీడీ ప్రతిలో అవి తొమ్మిదికి తగ్గాయి. తీసుకో, చూడు, తెరువు, నెట్టు, లాగు, ఇవ్వు, మాట్లాడు వంటి నిత్యవ్యవహారపు మాటలే అన్నీ.

బొమ్మకూ క్రియల పట్టికకూ నడుమ ఒక సన్నని పంక్తి ఉంటుంది. ఎంచుకున్న మాటలు అక్కడ వాక్యంగా ఏర్పడతాయి. ఆ వాక్యం విధ్యర్థకం. ఆడేవారు మధ్యమ పురుషలో ఆజ్ఞాపిస్తే, గైబ్రష్ ఉత్తమ పురుషలో తన వల్ల కాదని జవాబిస్తాడు. నవలలో కథకుడికీ పాత్రకూ మధ్య ఉండే దూరం ఇక్కడ చదివేవారికీ పాత్రకూ మధ్యకు చేరింది. ఈ ఆటపై ఏ చర్చ అయినా ఈ పంక్తి దగ్గర మొదలుకావడం సమంజసం.

3. తప్పు వాక్యం విలువ:

గిల్బర్ట్ 1989లో రాసిన ఒక వ్యాసంలో నాటి అడ్వెంచర్ ఆటల లోపాలను ఎత్తిచూపాడు. చిన్న పొరపాటుకు నాయకుడిని చంపి ఆడేవారిని వెనక్కి పంపడం వాటిలో ఒకటి. ‘మంకీ ఐలాండ్’లో తప్పు వాక్యానికి శిక్ష లేదు, జవాబు ఉంది. చాలా సందర్భాలలో అది ఒకే రకం నిరాకరణ అన్న మాట నిజమే. కానీ శిక్ష లేదని తెలిసిన తరువాత అర్థం లేని వాక్యాలు కూర్చి చూడడానికి ధైర్యం వస్తుంది. మధ్యలో గిలక బిగించిన రబ్బరు కోడి వంటి వస్తువు చేతికి వచ్చినప్పుడు ఆ ధైర్యమే దారి చూపుతుంది. దీవుల మధ్య కట్టిన తాడు మీద జారడానికి ఆ కోడి పనికివస్తుందని తర్కంతో ఊహించగలవారు అరుదు.

మరణానికి ఆటలో ఒకే ఒక చోటు ఉంది. దొంగిలించిన విగ్రహానికి కట్టి గైబ్రష్‌ను సముద్రంలోకి తోస్తారు. పది నిమిషాలు ఊపిరి బిగపట్టగలనని అతడు అంతకుముందే గొప్పలు చెప్పి ఉంటాడు. చుట్టూ కత్తులూ పదునైన పనిముట్లూ పడి ఉంటాయి గానీ ఏదీ చేతికి అందదు. పరిష్కారం మాత్రం రెండే మాటలు: విగ్రహాన్ని తీసుకో. దాన్ని ఎత్తుకుని నడిచి రావడమే. పది నిమిషాలలో ఆ వాక్యం తట్టకపోతే అతడు మరణిస్తాడు. వెంటనే తెర కింది క్రియలు మారిపోయి తేలడం, ఉబ్బడం, కుళ్లడం వంటివి వాటి స్థానంలోకి వస్తాయి. శవం చేయగలిగిన పనులవే! మరణాన్ని క్రియాపదాల పట్టిక ద్వారా చెప్పడం మరే సాహిత్య ప్రక్రియకూ సాధ్యం కాదు.

ఆ విగ్రహాన్ని దొంగిలించే ఘట్టం ఇంకా విశేషమైనది. గవర్నర్ భవనంలో గైబ్రష్ గోడ చాటుకు వెళతాడు. తెర మీద గోడ, వినిపించే చప్పుళ్లు తప్ప ఏమీ ఉండవు. అప్పుడు వాక్యపు పంక్తి ఆడేవారి ప్రమేయం లేకుండా తానే నడుస్తుంది. స్టేపుల్ పిన్నులు ఊడదీసే పనిముట్టును భయంకరమైన జడలబర్రె మీద ప్రయోగించినట్టు అక్కడ వాక్యం పడుతుంది. బొమ్మ తప్పుకుని కథనాన్ని పూర్తిగా మాటలకు వదిలిపెట్టిన సందర్భమిది. హాస్యం కోసమే చేసిన పని కావచ్చు. కానీ ఆటలో అసలు కర్త ఎవరన్న ప్రశ్న ఇక్కడే బయటపడుతుంది.

4. తిట్ల యుద్ధం – సమస్యాపూరణం:

ఆట రూపకర్తలు ఎరాల్ ఫ్లిన్ నటించిన పాత చిత్రాలు చూస్తూ, అందులో వీరులు కత్తి దూయడం కన్నా ఎత్తిపొడుపులు విసురుకోవడమే ఎక్కువని గమనించారు. అందుకే ఇక్కడ కత్తియుద్ధంలో గెలుపు చేతివేగం మీద కాక మాట మీద ఆధారపడింది. తిట్ల రచనలో ఆర్సన్ స్కాట్ కార్డ్ అనే నవలాకారుడు కూడా పాలుపంచుకున్నాడు. ఎదుటి దొంగ తిట్టిన తిట్టును నేర్చుకుని మరొకరిపై విసరాలి. వారిచ్చే జవాబునూ నేర్చుకోవాలి. ఓడిపోవడమే ఇక్కడ చదువు.

చివరకు కత్తియుద్ధంలో మేటి అయిన కార్లాను ఎదుర్కొన్నప్పుడు ఆమె తిట్లన్నీ కొత్తవి. జవాబులు మాత్రం పాతవే సరిపోవాలి. నువ్వు పాడిరైతులా పోరాడుతున్నావన్న తిట్టుకు, నువ్వు ఆవులా పోరాడుతున్నావు కాబట్టి తగినదేనన్నది జవాబు. ఒంట్లోని రక్తమంతా పిండేస్తానని కార్లా అన్నప్పుడూ ఆ జవాబే కుదురుతుంది. అవధానంలో సమస్యాపూరణం ఇక్కడ స్ఫురించడం సహజం. ఇచ్చిన పాదం మారదు, దానికి అర్థం పొసగే సందర్భం మారుతుంది. అయితే పోలికను ఇంతకు మించి సాగదీయకూడదు. అవధాని పద్యం కడతాడు. ఇక్కడ ఆడేవారు సిద్ధంగా ఉన్నవాటిలో ఒకటి ఏరుకుంటారు.

5. పరిమితులు:

ఆ ఏరుకోవడమే ఆట పరిమితి కూడా. ఎన్ని వాక్యాలు కూర్చినా కథ కదిలేది రచయితలు ముందే అనుకున్న వాక్యంతోనే. కరీబియన్ దీవుల బానిసత్వ చరిత్రకు ఈ వినోదంలో చెప్పుకోదగ్గ స్థానం లేకపోవడం మరో లోపం. స్త్రీ పాత్ర విషయంలో మాత్రం ఆట తన కథను తానే ఎదిరించింది. గైబ్రష్ రక్షించడానికి చర్చిలోకి దూసుకువచ్చేసరికి ఎలైన్ అప్పటికే తప్పించుకుని ఉంటుంది. అతడి రాక ఆమె పథకాన్ని చెడగొడుతుంది. అంతవరకు ఆడేవారు కూర్చిన వాక్యాలన్నింటిలో ఆమె కర్మ. ఆమె కర్తగా మరో కథ నడుస్తోందని అప్పుడు గాని తెలియదు.

6. క్రియ తెర వెనక్కి:

2009లో వచ్చిన ప్రత్యేక ప్రతిలో బొమ్మలు మెరుగయ్యాయి, గొంతులు చేరాయి. క్రియల పట్టిక మాత్రం తెర మీది నుంచి తప్పుకుని, పిలిస్తే వచ్చేదిగా మారింది. 2022 నాటి ‘రిటర్న్ టు మంకీ ఐలాండ్’లో వస్తువు మీద గురి పెడితే అక్కడ చేయదగిన పని తానే మాటల రూపంలో కనిపిస్తుంది. ఆడడం తేలికైంది, వాక్యం కూర్చే పని పోయింది. ఒక విచిత్రం గమనించాలి. ఇంగ్లీషు వాక్యంలో ముందు క్రియ, తరువాత వస్తువు. కొత్త పద్ధతిలో ముందు వస్తువు, చివర క్రియ. ఇది తెలుగు వాక్యపు వరస. ఈ ఆటను తెలుగులోకి తేవాలనుకునేవారికి పాత ప్రతిలోని పట్టిక ఒక చిక్కు తెస్తుంది. క్రియను ముందు నొక్కినా వాక్యం చివర దాన్ని చూపాలి; మధ్యలో ‘విగ్రహం’ ‘విగ్రహాన్ని’ కావాలి, ‘కోడి’ ‘కోడితో’ కావాలి. అన్నిటికన్నా ముందు, ఆడేవారు గైబ్రష్‌ను ‘తీసుకో’ అనాలా ‘తీసుకోండి’ అనాలా అన్నది తేల్చుకోవాలి. ఇంగ్లీషు మూలానికి ఆ ప్రశ్న ఎదురుకాలేదు.