దారి అడగడం ఒక విద్య

చైనా మహాకుడ్యం దగ్గర బయల్దేరి మన కన్యాకుమారికి చేరాలి. మధ్యలో 14 వేల కిలోమీటర్ల పైచిలుకు దారి. విమానం ఎక్కకూడదు. ఫోన్ దగ్గర ఉంచుకోకూడదు. ఇంటర్నెట్ చూడకూడదు, బ్యాంకు కార్డు వాడకూడదు. ఇద్దరిద్దరు చొప్పున ఐదు జంటలు బయల్దేరాయి. అందరికన్నా ముందు చేరిన జంటకి 20 వేల పౌండ్లు. బీబీసీలో 2025 ఏప్రిల్ నుంచి జూన్ దాకా వారం వారం వచ్చిన ‘రేస్ అక్రాస్ ద వరల్డ్’ ఐదో సీజన్ ఇది. ఆ రోజుల్లో నేను ఇంగ్లండులో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. బుధవారం వచ్చిందంటే వంటిల్లు తొందరగా సర్దేసుకుని టీవీ ముందు కూర్చునేదాన్ని.

ఎవరు గెలిచారన్నది ఒక వాక్యంలో అయిపోతుంది. తల్లీకొడుకులు కారొలైన్, టామ్ గెలిచారు. నా మనసు పట్టుకున్నది గెలుపు కాదు. చేతిలోంచి ఫోన్ లాగేసుకున్నాక మనిషి దగ్గర మిగిలే ఒక పాత విద్య, దారి అడిగే విద్య, ఆ ఎనిమిది వారాలూ నా కళ్ళ ముందు మళ్ళీ ప్రాణం పోసుకుంది. ఈ వారం దాని గురించే రాయాలని ఉంది.

ముందు డబ్బు సంగతి చెప్పాలి, ఎందుకంటే పోటీకి కీలకం అక్కడే ఉంది. ఆ దూరం విమానంలో వెళ్తే టికెట్ ఎంతవుతుందో లెక్కగట్టి, అంత డబ్బు మాత్రమే మనిషికింతని చేతిలో పెడతారు. 2019లో వచ్చిన మొదటి సీజన్‌లో లండన్ నుంచి సింగపూర్ దాకా అది 1,329 పౌండ్లు. విమానంలో ఒక పగలూ రాత్రీ కూడా పట్టని దూరానికి అయ్యే ఖర్చుతో దాదాపు యాభై రోజులు గడపాలి. బస్సు, రైలు, పడవ, తిండి, పడక అన్నీ అందులోంచే. చాలకపోతే దారిలో పనిచేసి సంపాదించుకోవచ్చు. హోటల్లో గదులు శుభ్రం చేస్తారు, పొలంలో కోతకి వెళ్తారు, ఎవరింట్లోనో పని చేసిపెట్టి ఆ రాత్రికి అక్కడే అన్నం తిని పడుకుంటారు. మొదటి సీజన్‌లో ఒక జంట డబ్బు మొత్తం అయిపోయి మధ్యలోనే వెనుదిరిగింది. తొందరగా వెళ్ళాలంటే డబ్బు కరుగుతుంది, డబ్బు దాచుకుంటే సమయం కరుగుతుంది. మధ్యతరగతి ఇంట్లో పెరిగిన ఎవరికైనా ఈ లెక్క చెప్పక్కర్లేదు.

ఇలాంటి పోటీల్లో పేరుమోసింది అమెరికావాళ్ళ ‘ది అమేజింగ్ రేస్’. 2001లో మొదలైంది, గెలిచిన జంటకి పది లక్షల డాలర్లు. 2018 చివర్లో చిత్రీకరించి 2020లో ప్రసారం చేసిన 32వ సీజన్‌లో మన హైదరాబాద్ కూడా ఒక మజిలీ. ఊరిని తెరమీద చూసుకుని మురిసిపోయాను. అయినా అది నాకు పూర్తిగా పట్టలేదు. అక్కడ జంటలు విమానంలో దిగుతాయి, నిర్వాహకులు సిద్ధం చేసి పెట్టిన పని చేస్తాయి, మళ్ళీ విమానం ఎక్కేస్తాయి. ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య ఉన్న నేల కనిపించదు. బీబీసీ పోటీలో కనిపించేదంతా ఆ మధ్య నేలే. ప్రయాణమంటే అదేనని నేను నమ్ముతాను.

చైనాలో మొదటి రోజులు చూడాలి. అక్కడ హైస్పీడ్ రైలుమార్గాలే 45 వేల కిలోమీటర్లు దాటాయి, ప్రపంచంలో ఇంకే దేశానికీ అంత లేదు. రైలుకి కొదవ లేదు గానీ, ఏ రైలు ఎటు వెళ్తుందో తెలుసుకోవడమే గండం. బోర్డులు చాలావరకు చైనా అక్షరాల్లో. చిన్న దుకాణాల్లో కూడా క్యూఆర్ కోడ్ అతికించి ఉంటుంది, నోటు చాపితే చిల్లర వెతుక్కోవాల్సిన పరిస్థితి. మనకీ ఇప్పుడు కొత్తేం కాదు. యూపీఐ వచ్చిన 2016 నుంచి మెల్లమెల్లగా మన సంతల్లో కూడా చిల్లర తగ్గిపోయింది. అలాంటి చోట, మాట రాని మనుషుల మధ్య, చేతిలో మ్యాపు పట్టుకుని ఒక జంట నిలబడుతుంది. అప్పుడు వాళ్ళకి మిగిలింది ఎదురుగా వస్తున్న మనిషి ఒక్కడే.

అక్కడ వాళ్ళు ఎలా అడుగుతున్నారో జాగ్రత్తగా గమనించాను. ఎందుకంటే ఈ విద్య నేను కొంత నేర్చుకున్నదే. నేర్పింది మా వదిన. మా అన్నయ్య హనుమకొండ అమ్మాయిని చేసుకున్నాడు. గోదావరి ఒడ్డున పెరిగిన నాకు కొత్త మనిషితో మాట కలపాలంటే బెరుకు. వదినకి ఆ మొహమాటం లేదు. “అడిగితె ఏం పోతది? నోరే గదా!” అంటుంది. ఏళ్ళుగా మేమిద్దరం కలిసి బస్సుల్లో, జనరల్ బోగీల్లో తిరుగుతున్నాం. ఆవిడ అడుగుతుంది, నేను చిన్న పుస్తకంలో ఖర్చు రాస్తాను.

వదిన అడిగే పద్ధతిలో కొన్ని కట్టుబాట్లున్నాయి. జవాబుని ప్రశ్నలో పెట్టి అడగదు. “ఈ బస్సు ములుగు పోతదా?” అంటే మర్యాదకి అవునని తల ఊపేవాళ్ళుంటారు. “తమ్మీ, ఈ బస్సు ఎటు పోతది?” అని అడగాలి. అప్పుడు తెలిసినవాడే నోరు విప్పుతాడు. రెండోది, నడిచి వెళ్తున్నవాళ్ళని కాకుండా ఒకచోట కూర్చుని ఉన్నవాళ్ళని అడగాలి. పూలమ్ముకునే ఆవిడ, కిళ్ళీ కొట్టాయన, టీ బంకు దగ్గర గ్లాసులు కడిగే కుర్రాడు. రోజంతా అక్కడే ఉంటారు కాబట్టి ఏ బస్సు వేళకొచ్చేదీ, ఏది రానేరానిదీ వాళ్ళకి తెలుసు. ఆటో స్టాండులో మాత్రం బస్సు గురించి అడగకూడదంటుంది. అది వాళ్ళ పొట్టకి అడ్డం వెళ్ళడం, మన పని కోసం వాళ్ళని ఇబ్బంది పెట్టకూడదు. ఎంత దూరమని అడిగితే ఏ ఊళ్ళోనైనా “ఇక్కడికే” అంటారు. నడిస్తే ఎంతసేపని అడగాలి. అన్నిటికన్నా గొప్ప ప్రశ్న “మీరు ఎట్ల పోతరు?” అన్నది. పాలంపేట రామప్ప గుడికి వెళ్ళినప్పుడు ఆ ఒక్క ప్రశ్నతో మాకు ఏ బోర్డు మీదా లేని షేర్ ఆటో దొరికింది, దానిలో సగం మంది ఆ ఊరివాళ్ళే. దారి చెప్పినవాళ్ళ దగ్గర ఏదో ఒకటి కొంటుంది వదిన, అదీ చెప్పించుకున్నాకే. ముందే కొంటే బేరమవుతుంది, తర్వాత కొంటే మర్యాదవుతుందని ఆవిడ లెక్క. నోరు మంచిదైతే ఊరు మంచిదన్న సామెత నాకు ఆవిడ వెనక నిలబడ్డప్పుడే అర్థమైంది.

మాట రానిచోట కూడా ఈ పద్ధతి పనిచేస్తుంది. షిల్లాంగులో బడా బజార్ దగ్గర సోహ్రా వెళ్ళే సుమోల కోసం తిరుగుతున్నప్పుడు మాకు ఖాసీ రాదు, హిందీ అంతంతమాత్రం. వదిన ఒక చీటీ మీద ఊరి పేరు రాయించుకుని, చేతులు జోడించి, చీటీ చూపించి, నవ్వి ఊరుకుంది. తమలపాకులు అమ్ముకుంటున్న ఒక పెద్దావిడ కొట్టు వదిలేసి మమ్మల్ని బండి దాకా తీసుకెళ్ళి, డ్రైవరుకి ఏదో గట్టిగా చెప్పి వెళ్ళింది. చైనాలో ఆ జంటలకి ఎదురైన మనుషుల్లో నాకు మళ్ళీ మళ్ళీ ఆ పెద్దావిడే కనిపించింది.

జంటగా వెళ్ళడమన్నది ఇంకో విద్య, ఇది ఇంకా కష్టం. ఈ సీజన్‌లో జంటలు ఎలాంటివో చూడండి. ఒకప్పుడు భార్యాభర్తలై విడిపోయినవాళ్ళు యిన్, గాజ్. అక్కాచెల్లెళ్ళు ఎలిజబెత్, లెటీషియా. ఇంకా ఇరవై నిండని ప్రేమజంట ఫిన్, షోనెడ్. అరవై దాటిన అన్నదమ్ములు బ్రయన్, మెల్విన్. గెలిచిన తల్లీకొడుకులు. మన ఇళ్ళలోనూ ఇవే చుట్టరికాలు, ఇవే మౌనాలు. అలిసిపోయి, ఆకలేసి, బస్టాండులో అర్ధరాత్రి కూర్చున్నప్పుడు ఇద్దరి మధ్యా ఏళ్ళనాటి మాట ఒకటి బయటికొస్తుంది. వయసు మళ్ళిన అన్నదమ్ములిద్దరూ పక్కపక్క సీట్లలో కూర్చుని మెల్లగా మాట్లాడుకుంటుంటే నేను మా అన్నయ్యకి ఫోన్ చేశాను. ఏం మాట్లాడానో గుర్తులేదు గానీ చాలాసేపే మాట్లాడాను.

పోటీ అన్నాక ఉత్కంఠ ఉండాలి, ఉంది కూడా. దానికి మచ్చుతునక రెండో సీజన్. మెక్సికో నగరం నుంచి అర్జెంటీనా కొసన ఉన్న ఉషుయాయా దాకా 25 వేల కిలోమీటర్లు. చివరికి మేనమామ లేదా బాబాయి వరసైన ఎమాన్, కొడుకు వరసైన జమీయుల్ గెలిచింది 20 సెకన్ల తేడాతో. రెండు నెలలు ఖండాలు దాటిన రెండు జంటలు చివరికి ఒకే ఊళ్ళో పరుగెత్తాయి. అది ప్రసారమైన 2020 వసంతంలో బ్రిటన్ మొత్తం లాక్‌డౌన్‌లో ఉంది. గుమ్మం దాటలేని జనం ఇంకొకరి బస్సు ప్రయాణాన్ని ఎంత ఆబగా చూసి ఉంటారో నేను ఊహించగలను.

ఐదో సీజన్ నేపాల్ దాటి ఇండియాలోకి వచ్చాక నా గుండె వేగం పెరిగింది. ఇక ఇది మన నేల, మన రైళ్ళు. కన్యాకుమారికి రైలంటే మనకి పరాయిదేం కాదు. కాట్రా నుంచి జమ్మూ మీదుగా వచ్చే హిమసాగర్, దిబ్రూగఢ్ నుంచి వచ్చే వివేక్ రెండూ మన విజయవాడ మీదుగానే వెళ్తాయి. వివేక్ ఎక్స్‌ప్రెస్ నాలుగు వేల కిలోమీటర్లకు పైగా నడుస్తుంది, దేశంలో అంతకన్నా దూరం వెళ్ళే రైలు లేదు. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, నిమిషాల్లో వెయిటింగ్ లిస్ట్ మొదలవుతుంది. తత్కాల్ అయితే ముందురోజు ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి. విదేశీయులకి వేరే కోటా ఉన్నా, ఏ కౌంటర్లో అడగాలో చెప్పేవాళ్ళు కావాలి. ఫోన్ లేనివాడికి మన రైల్వే స్టేషన్ ఎంత పెద్ద అడవిలా ఉంటుందో, అయినా ఆ అడవిలో ఎంతమంది చెయ్యి పట్టుకుని నడిపిస్తారో, ఈ దేశంలో పుట్టినవాళ్ళకి తెలుసు.

ఇక్కడ నాకొక మనవి ఉంది, కొంచెం బాధ కూడా. ఈ పోటీని నడిపించేది జంటలు కాదు, దారిలో సాయం చేసేవాళ్ళు. లారీ ఆపి ఎక్కించుకున్న డ్రైవరు, రాత్రి వేళ అన్నం పెట్టిన ఇల్లాలు, సొంత ఫోన్ తీసి బస్సు వేళలు చూసి చెప్పిన కాలేజీ అమ్మాయి. వాళ్ళు తెర మీద రెండు నిమిషాలు కనిపించి వెళ్ళిపోతారు. జంటల వెంట చిన్న చిత్రీకరణ బృందం ఉంటుంది కాబట్టి కెమెరాని చూసి సాయం చేస్తారని కొందరంటారు. కొంత నిజం కావచ్చు. కానీ షిల్లాంగులో ఆ పెద్దావిడ ముందు ఏ కెమెరా లేదు, పాలంపేట దారిలోనూ లేదు. మనిషి ఆగి దారి చెప్పడం ఈ భూమ్మీద ఇంకా మామూలు విషయమే. అడిగేవాళ్ళే తగ్గిపోయారు. ఫోన్‌లో నీలం చుక్కని చూసుకుంటూ నడిచే మనం ఆ పూలమ్మే ఆవిడని దాటుకుని వెళ్ళిపోతున్నాం. ఆవిడకి తెలిసినదంతా ఆవిడ దగ్గరే ఉండిపోతోంది.

మన తెలుగు చానళ్ళని నేను అడిగేది ఒకటే. ఒకే ఇంట్లో నెలల తరబడి మనుషుల్ని కూర్చోబెట్టి తగువులు చూపించడానికి అంత ఖర్చు పెడుతున్నారు. ఇచ్ఛాపురం నుంచి ఆదిలాబాద్ దాకా ఐదు జంటల్ని పంపండి. అత్తాకోడళ్ళని, తండ్రీకూతుళ్ళని, విడిపోయి మాటల్లేని అన్నదమ్ముల్ని ఎంచుకోండి. చేతిలో ఏసీ బస్సు టికెట్ డబ్బు పెట్టండి, ఫోన్లు తీసేసుకోండి. పల్లెవెలుగు బస్సులు, ప్యాసింజర్ రైళ్ళు, రేవుల్లో పడవలు ఉన్నాయి. మన్యంలో సంతలున్నాయి, అక్కడ కోయ, కొండదొర పెద్దలున్నారు. మీ కార్యక్రమం చివర్లో దారి చెప్పిన ప్రతి మనిషి పేరూ, ఊరూ, వాళ్ళ అనుమతి తీసుకుని తెర మీద వెయ్యండి. చూసేవాళ్ళకి కొదవుండదు. మొదటి ఎపిసోడ్ నుంచి చివరిదాకా చూసే ఇద్దరు ఇప్పటికే సిద్ధంగా ఉన్నారు, ఒకరు హనుమకొండలో, ఇంకొకరు ఇక్కడ.