ప్రజ అన్న మాట: మక్లౌడ్ వ్యవహార లేఖలు

ఉత్తరాన్ని సాహిత్యంగా చదవడం మనకు క్రొత్త కాదు. అయితే మనం అలా చదివేవి కవుల ఉత్తరాలు, పండితుల ఉత్తరాలు. పిండి బస్తాల గురించి, శిస్తు బకాయిల గురించి వ్రాసిన ఉత్తరాన్ని చరిత్రకారునికి అప్పగించి ఊరుకుంటాం. ఈ అలవాటు తెలుగువారికి తగినది కాదు. చెరువు గండి, దేవుని మాన్యం, కరణాల తగవు తప్ప వేరే కథావస్తువు లేని గ్రామ కైఫీయతులను ఇష్టంతో చదివినవాళ్లం మనం. కావలి సోదరుల సాయంతో అటువంటి స్థానిక చరిత్రలను సేకరించిన కర్నల్ కాలిన్ మెకంజీ స్కాట్లండు పడమటి దీవులలో, స్టోర్నవే అనే రేవుపట్టణంలో పుట్టినవాడు. ఆ దీవికి దక్షిణంగా, సముద్రపాయ కావల, స్కై అనే మరొక దీవి ఉన్నది. అక్కడి డన్‌వెగన్ కోట ప్రభువు 1846-47 శీతకాలపు కరువులో ప్రభుత్వానికి వ్రాసుకొన్న లేఖలే ఈ వ్యాసానికి విషయం.

వ్రాసినవాడు నార్మన్ మక్లౌడ్, ఆ వంశానికి ఇరవైఅయిదవ నాయకుడు. వంశం అన్నాను గాని ఆ మాట చాలదు. గేలిక్ భాషలో 'క్లాన్' అంటే బిడ్డలు. మక్లౌడ్ అంటే లియోడ్ కొడుకు. గుడిసెలోని కూలివాడూ కోటలోని నాయకుడూ ఒక్క మూలపురుషుని సంతానమే అన్న నమ్మకం ఆ పేరులోనే ఇమిడి ఉన్నది. అది ఎంతవరకు నిజమన్నది వేరు సంగతి. దాని మీదనే యుద్ధాలు జరిగాయి, పొలాలు పంపకమయ్యాయి. 1746లో కల్లోడెన్ యుద్ధంతో స్టూవర్టుల తిరుగుబాటు అణగారింది. మరుసటి యేడు వచ్చిన చట్టం నాయకులకు వంశపారంపర్యంగా ఉండిన న్యాయాధికారాలను రద్దు చేసింది. ప్రభుత్వపక్షం వహించిన మక్లౌడ్లకు కూడ అది తప్పలేదు. న్యాయం చెప్పే తండ్రి పోయి శిస్తు పుచ్చుకొనే భూస్వామి మిగిలాడు. 1773లో ఇదే కోటలో అతిథిగా ఉన్న డాక్టర్ జాన్సన్ ఈ మార్పును అప్పుడే పసిగట్టాడు. చట్టం మారినా సంతకం మాత్రం మారలేదు. వంశనాయకుడు ఇంటిపేరు ఒక్కటే వ్రాసి ముగిస్తాడు. అక్కడ వ్రాలు చేసేది ఒక మనిషి కాదు, వంశం మొత్తం.

1846లో బంగాళాదుంప పంటకు తెగులు తగిలింది. ఆ దీవులలో పేదల తిండి చాలమట్టుకు ఆ దుంపే. పోర్ట్రీ రేవులో ప్రభుత్వం పిండి నిలువచేసింది. కాని ఊరకే పంచడానికి కాదు, బజారు ధరకు అమ్మడానికి. కొనే డబ్బు ఎవరివద్ద ఉన్నది? తమ భూమి మీది జనాన్ని భూస్వాములే పోషించుకోవలెనని, కావలసివస్తే మురుగుకాలువల పనికి ప్రభుత్వం ఇచ్చే ఋణం తెచ్చి కూలి కల్పించవలెనని ఖజానా శాఖ పట్టుబట్టింది. మక్లౌడ్ ఆ మాటను అక్షరాలా పాటించాడు. ఆరేడు వేలమందికి ఆయన తిండి పెట్టాడని వంశచరిత్రలు చెబుతాయి. అప్పటికే ఋణభారం ఉన్న జమీ అది. కరువు ముగియకముందే ఆయన కోట విడిచి లండను చేరి ప్రభుత్వ కచేరీలో గుమాస్తా అయ్యాడు.

ఈ కథ తెలిసిన తరువాత ఉత్తరాలు చదివేవారు అందులో కన్నీళ్లు వెదకుతారు. దొరకవు. లెక్క ఉంటుంది: ఎందరికి తిండి పెడుతున్నదీ, ఇంకెంతకాలం పెట్టగలిగినదీ. ఇందరి ప్రాణాల బాధ్యత ఒక్కని నెత్తిన పడిందన్న భయం ఆ లెక్క వెనుకనే ఉన్నది. దానికి విశేషణాలు కట్టి చూపలేదు. లేఖకునిగా ఆయన బలం అక్కడే ఉన్నదని నా అభిప్రాయం. ఇంగ్లీషు వాక్యానికి 'నేను' తప్పదు. తెలుగులో క్రియాపదమే కర్తను చెబుతుంది గనుక అనువాదకుడు దానిని విడిచివేయవచ్చును. ఇక్కడ మాత్రం విడువరాదు. ఆనాటి కచేరీ ఉత్తరాలలో సహాయం 'చేయబడుతుంది', ధాన్యం 'పంపబడుతుంది', చేసేవాడు కనబడడు. నాయకుని ఉత్తరంలో పెట్టేవాడు, పెట్టలేనివాడు, అడిగేవాడు అంతా 'నేను'.

అసలు చిక్కు 'పీపుల్' అన్న మాట దగ్గర వస్తుంది. ఆ కాలపు వంశనాయకుల లేఖలన్నిటా తరచు కనిపించే మాట ఇది. దీనికి రైతులు అంటే నాయకుడు వట్టి జమీందారు అవుతాడు. కౌలుదార్లు అంటే లేని కౌలుపత్రం ఉన్నట్లవుతుంది, ఎందుకంటే ఆ క్రాఫ్టర్లలో అధికసంఖ్యాకులు ఏటికేడు దయమీద బ్రతికినవారు. జనం అంటే బంధుత్వం పోతుంది. మన అదృష్టవశాత్తు 'ప్రజ' ఉన్నది. ఆ శబ్దానికి సంతానమనీ జనమనీ అమరకోశం రెండర్థాలూ చెప్పింది. గేలిక్ 'క్లాన్' నడిచిన దారిలోనే సంస్కృత 'ప్రజ' కూడ నడిచింది: బిడ్డలు పాలితులయ్యారు. 'తల్లీ తండ్రీ మీరే' అని అర్జీ మొదలుపెట్టిన మన పల్లెవాడు ఈ రెండర్థాల మధ్యనే నిలబడి మాట్లాడాడు.

అయినా ఈ మాటలోని తీపిని నమ్మి ఊరుకోరాదు. 'నా ప్రజ' అన్నప్పుడు 'నా' ఏ విభక్తి? తండ్రి బిడ్డను నాది అన్నట్లా, యజమాని గొఱ్ఱెను నాది అన్నట్లా? అదే స్కై దీవిలో రెండవ పెద్ద జమీ లార్డ్ మక్డొనాల్డుది. ఆయనా వంశనాయకుడే. 1849లో ఆయన భూమి అయిన ఉత్తర యూయిస్ట్ దీవిలోని సోలస్‌లో పోలీసుల సాయంతో జనాన్ని వెళ్లగొట్టారు. 1853లో స్కైలోనే బోరెరైగ్, సూయిష్నిష్ అనే పల్లెలను ఖాళీ చేయించారు. అప్పటికి ఆ జమీ అప్పులవల్ల ధర్మకర్తల చేతిలో ఉన్నది. కాని పేరు నాయకునిదే. సూయిష్నిష్ వాసులు రోదిస్తూ సాగిపోయిన ఊరేగింపును చూచిన భూగర్భశాస్త్రజ్ఞుడు ఆర్చిబాల్డ్ గీకీ, యాభై యేండ్ల తరువాత గూడ ఆ ఏడుపును మరువలేక తన స్మృతులలో వ్రాశాడు. ఒకే పదం ఒక ఇంట పిండి అయింది, మరొక ఇంట బహిష్కారం అయింది. నిఘంటువు ఇందుకు బాధ్యత వహించదు. విమర్శకుడు వహించవలసి ఉన్నది.

లండనులో ఈ వ్యవహారం నడిపిన ఖజానా అధికారి సర్ చార్లెస్ ట్రెవెల్యన్ మనకు అపరిచితుడు కాడు. 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చి, ఆదాయపు పన్నును వ్యతిరేకిస్తూ తాను వ్రాసిన పత్రాన్ని బయటపెట్టినందుకు 1860లో వెనుకకు పిలువబడినవాడు. ఒకరి ఉత్తరాలకు కఠినంగా కొలతలు వేసినవానికి చివరకు తన వ్రాతే ఉద్యోగానికి ముప్పు తెచ్చింది. ఆయన ప్రోత్సాహంతో 1848లో ఆ దీవులలో ఒక పరీక్ష పెట్టారు: ఎనిమిది గంటలు పనిచేసినవానికి ఒక పౌను పిండి. 1877లో, మనవారు ధాత కరువనీ ఈశ్వర కరువనీ చెప్పుకొనే రోజులలో, సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానిలోని సహాయపు పనులకు నిర్ణయించిన ధాన్యం కూడ దినానికి ఒక పౌనే. కడప, బళ్లారి పాఠకునికి ఆ 'పౌను' అనువదించి చెప్పనక్కరలేదు.

మక్లౌడ్ లేఖలలో నాకు వెలితిగా తోచేది ఒక్కటి. ఆ వేలమందిలో ఒక్కని గొంతు మనకు వినబడదు. ఆకలి వారిది, మాట ఆయనది. దీనికి ఆయనను తప్పుపట్టలేము. ఆయన వ్రాస్తున్నది గేలిక్ రాని కచేరీకి. ఆ గొంతు వినడానికి మరి ముప్పయి ఆరేండ్లు ఆగవలసివచ్చింది. 1883లో క్రాఫ్టర్ల స్థితిగతుల విచారణకు నియమింపబడిన సంఘానికి అధ్యక్షుడు లార్డ్ నేపియర్. 1866లో ఆయన మద్రాసు గవర్నరుగా అడుగుపెట్టిన యేడే గంజాంలో కరువు. అక్కడ 1872 దాకా పనిచేశాడు. సంఘసభ్యులలో కేమరన్ల నాయకుడు లోకీల్ ఉన్నాడు, గేలిక్ సామెతలు సేకరించిన స్కై పండితుడు అలెగ్జాండర్ నికల్సన్ ఉన్నాడు. గేలిక్‌లో చెప్పిన సాక్ష్యాలు ఇంగ్లీషులోకి మారి సంపుటాలకెక్కాయి. మూడేండ్లకు వచ్చిన 1886 చట్టం క్రాఫ్టరుకు తన నేలమీద స్థిరత్వం ఇచ్చింది.

మొదటి సమావేశం మే 8న స్కైలోని బ్రేస్‌లో జరిగింది. మొదటి సాక్షి ఏంగస్ స్టూవర్ట్ లేచి నిలబడి, నిజం చెబితే తనను భూమినుండి వెళ్లగొట్టరన్న హామీ ముందు కావలెనన్నాడు. అటువంటి హామీ ఇచ్చే అధికారం సంఘానికి లేదు. జమీ తరపు ఏజంటు ఒప్పుకొన్న తరువాతనే అతడు నోరు విప్పాడు. మక్లౌడ్ ఉత్తరాలను తెలుగు చేసేటప్పుడు నేను 'ప్రజ' అనే వ్రాస్తాను. స్టూవర్ట్ సాక్ష్యంలో అదే ఇంగ్లీషు మాట వచ్చిన చోట 'మేము' అని వ్రాస్తాను.