వంద రూపాయల కోత

తుళ్లూరు మండలం వెలగపూడిలో 2017 మార్చి నుంచి ఆంధ్రప్రదేశ్ శాసనసభ సమావేశాలు జరుగుతున్నాయి. అక్కడ కూర్చునే 175 మందిలో ఎవరైనా శాసనసభ్యుడి పనితనం ఎలా ఉంటుందని అడిగితే నేను పడమరకు, సత్తెనపల్లి వైపు చూపిస్తాను. వావిలాల గోపాలకృష్ణయ్య ఊరు అది. 1906లో పుట్టి 2003లో కన్నుమూసిన ఆయనను జనం ‘ఆంధ్రా గాంధీ’ అని పిలుచుకున్నారు. ఖద్దరు, భుజాన గుడ్డసంచీ, పెళ్లి మాట తలపెట్టని జీవితం, స్వాతంత్ర్యోద్యమంలో జైలు, గ్రంథాలయోద్యమం... ఇవన్నీ ఆయన గురించి ఎవరు రాసినా చెప్పేవే. వాటికంటే తక్కువగా వినిపించేది సభలో ఆయన పని. దాన్ని చూడాలంటే శాసనసభ చర్చల పాత సంపుటాలు తిరగేయాలి.

సత్తెనపల్లి ఓటర్లు ఆయనను నాలుగుసార్లు గెలిపించారు: 1952, 1955, 1962, 1967. మొదటిసారి గెలిచి వెళ్లింది మద్రాసు సభకు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి సభ కర్నూలుకు వచ్చింది. 1956లో అది హైదరాబాదు చేరింది. మూడు రాజధానులు, ఇరవయ్యేళ్లు. ఆ ఇరవయ్యేళ్లలో చివరి పదేళ్లు ఆయన స్వతంత్ర సభ్యుడు.

స్వతంత్రుడికి సభలో ఉండే ఇబ్బంది ఏమిటో తెలిస్తేనే ఆయన నేర్పు అర్థమవుతుంది. చర్చకు సమయాన్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. ఒంటరి సభ్యుడికి దక్కేది చివర్లో కొద్ది నిమిషాలు. ఆయన తరఫున లేచే నాయకుడు లేడు, ఓటింగులో వెంట నిలిచే మంది లేరు. మిగిలేది సభా నియమావళి ఒక్కటే. అందులో ఒంటరివాడికీ సమాన హక్కు ఇచ్చే పనిముట్లు కొన్ని ఉన్నాయి. వాటిలో రెండింటి గురించే ఇక్కడ చెబుతాను.

మొదటిది కోత తీర్మానం. బడ్జెట్ మీద సాధారణ చర్చ ముగిశాక ఒక్కో శాఖ పద్దు సభ ముందుకు వస్తుంది. నీటిపారుదలకు ఇన్ని కోట్లు, విద్యకు ఇన్ని కోట్లు మంజూరు చేయమని మంత్రి కోరతాడు. అప్పుడు సభ్యుడు ఆ పద్దులో వంద రూపాయలు తగ్గించాలని తీర్మానం పెట్టవచ్చు. కోట్ల ముందు వంద ఏమీ కాదు. అసలు విలువ ఆ అంకె పక్కన రాసే కారణానిది. ఫలానా రోడ్డు వేయలేదు, ఫలానా ఊరికి బడి ఇవ్వలేదు, అందుకు నిరసనగా ఈ వంద. కారణం నిర్దిష్టంగా ఉండాలి, ఆ పద్దు పరిధి దాటకూడదు. తీర్మానం నెగ్గితే ప్రభుత్వం ఓడినట్టే గనుక దాదాపు ఎప్పుడూ నెగ్గదు. అయినా ఆ ఒక్క ఫిర్యాదు అచ్చులోకి ఎక్కుతుంది, దాని మీద మాట్లాడే హక్కు వస్తుంది, మంత్రి జవాబివ్వాల్సి వస్తుంది. 1960ల సంపుటాల్లో పద్దుల చర్చ తెరిస్తే కోత తీర్మానాల కింద వావిలాల పేరు తరచుగా కనబడుతుంది. తీర్మానం పాఠం ఇంగ్లీషులో ఉంటుంది, ఆ వెనుక ప్రసంగం తెలుగులో సాగుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, తర్వాత అవసరమవుతుంది.

రెండోది ప్రశ్న. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి. దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబుతో సరి. ప్రశ్నలో వాదన ఉండకూడదు, సొంత అభిప్రాయం ఉండకూడదు, నింద ఉండకూడదు. ఇన్ని తీసేశాక మిగిలిన వాక్యంలోనే పదును ఉండాలి. ఉదాహరణకు నాగార్జునసాగర్ నీటి మీద ఒక ప్రశ్న ఇలా కట్టవచ్చు. (ఎ) ఫలానా మేజరు కాలువ చివరి భూములకు ఈ ఏడు నీరు అందని మాట వాస్తవమేనా? (బి) అయితే కారణాలేమిటి? (సి) ఎప్పటిలోగా అందిస్తారు?

ఈ మూడింటి వరుస చూడండి. మొదటిది నిజాన్ని ఒప్పిస్తుంది, రెండోది బాధ్యుణ్ణి బయటికి లాగుతుంది, మూడోది తేదీ అడుగుతుంది. మొదటి దానికి ‘కాదు’ అనే జవాబొస్తే మిగతా రెండూ పడిపోతాయి. కాబట్టి ప్రశ్న రాసేవాడు ముందే కాలువ గట్టు మీద నడిచి ఉండాలి, ఏ తూము దగ్గర నీరు ఆగిందో రైతును అడిగి తెలుసుకుని ఉండాలి. ఆ తర్వాత ఆ కాగితం చేసే ప్రయాణం మరీ ముచ్చటైనది. సభా కార్యదర్శి నుంచి సచివాలయంలోని శాఖకు, అక్కడి నుంచి జిల్లాకు, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు, చివరికి ఆ కాలువనే చూసుకునే చిన్న ఉద్యోగికి చేరుతుంది. మంత్రి సభలో లేచేలోపే కింద ఒకరు గట్టు మీదికి వెళ్లి చూడక తప్పదు. చాలాసార్లు పని అక్కడే మొదలవుతుంది.

సాగర్ పేరు ఊరికే ఎత్తలేదు. సాగర్‌కు తొలి పేరైన నందికొండ ప్రాజెక్టు కోసం గట్టిగా పోరాడినవారిలో వావిలాల ఒకరు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. వానను నమ్ముకున్న పల్నాటి మెట్టకు కుడి కాలువ వచ్చింది. డ్యాము కట్టడం ఒక ఎత్తయితే, ప్రధాన కాలువ నుంచి మేజరుకు, మేజరు నుంచి మైనరుకు, అక్కడి నుంచి పంటబోదెకు నీటిని దించడం మరో ఎత్తు. శంకుస్థాపనకూ తొలి నీటికీ మధ్య గడిచిన ఆ పన్నెండేళ్లూ ఆయన సభలోనే ఉన్నారు.

ఇక భాష. 1966లో రాష్ట్ర అధికార భాషా చట్టం తెలుగును పాలనా భాషగా ప్రకటించింది. అప్పట్లో ఊళ్లో కరణం అడంగలు (పంటల లెక్క) రాసేది తెలుగులో. రైతు అర్జీ పెట్టేదీ తెలుగులోనే. ఆ అర్జీ పై ఆఫీసుకు వెళ్లాక దాని మీద జరిగే రాతంతా ఇంగ్లీషు. సభలో తన తీర్మానం ఒక భాషలో, మాట మరో భాషలో అచ్చవడం ఏళ్ల తరబడి చూసిన మనిషికి ఈ తేడా కొత్త కాదు. 1974లో అధికార భాషా సంఘం ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షుడు ఆయనే.

ఆ పదవి పేరు వినడానికి ప్రసంగాలూ సన్మానాలూ ఉండేదిగా తోస్తుంది. లోపల ఉన్నదంతా మరమ్మతు పనే. ఆ రోజుల్లో ఫైలు ఎలా పుట్టేదో చూడండి. గుమాస్తా అర్జీ చదివి నోటు రాస్తాడు. సూపరింటెండెంటు దాని మీద తన మాట చేరుస్తాడు. అధికారి సంతకం చేస్తే ముసాయిదా తయారవుతుంది, టైపవుతుంది, ఉత్తర్వు వెళుతుంది. ఈ గొలుసులో ప్రతి కొక్కేనికీ తెలుగు కావాలి. నోటుకు పరిపాలనా పదాలు కావాలి, ముసాయిదాకు నమూనాలు కావాలి. టైపుకు యంత్రం కావాలి. తెలుగు టైపు మిషనే ఒక పెద్ద పని. ఒత్తులు, గుణింతపు గుర్తులు అక్షరం కిందా మీదా పడాలి కనుక కొన్ని మీటలు నొక్కినప్పుడు క్యారేజీ కదలకుండా నిలవాలి. అది చేతికి అలవడాలంటే టైపిస్టుకు విడిగా శిక్షణ ఇవ్వాలి.

1992లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. మద్యనిషేధం కోసం ముసలితనంలోనూ తిరిగారు. నాకు మాత్రం ఆ గుమాస్తా నోటు దగ్గరే చూపు ఆగుతుంది. పైవాళ్లంతా ఆ మొదటి నోటు మీదే తమ మాట రాస్తారు. అది ఇంగ్లీషులో మొదలైతే ఫైలంతా ఇంగ్లీషులోనే నడుస్తుంది, పైన చట్టం ఏం చెప్పినా సరే. తెలుగులో మొదలైతే, అర్జీ పెట్టుకున్న రైతు తన చేతికొచ్చిన ఉత్తర్వును మరొకరి సాయం లేకుండా చదువుకుంటాడు.